బోర్లించిన కుండ

వజ్రపుకొత్తూరు చర్చి హాల్లో బారులుగా కుండలు. ఊళ్లో కిడ్నీ జబ్బు పడినవాళ్లు ఎవరి కుండకు వాళ్లు రంగులు వేసి, తాము తాగిన బావినీళ్లే నింపిపెట్టారు. మనిషి పోయినప్పుడు ఇంటివాళ్లు వచ్చి ఆ కుండను బోర్లిస్తారు. పదిమందీ చూసుకునే ఆన్‌లైన్ ఆర్కైవ్ కోసం ఆ రాత్రి లిల్లీ ఒక్కోదాన్నీ ఫొటో తీస్తోంది. కరెంటు లేదు. డయాలసిస్‌తో నీరసించిన తండ్రి అంద్రెయ ఆమె వెనక నిలబడి టార్చి పట్టాడు. చెయ్యి వణికి వెలుగు ఊగుతోంది.

"నీ కుండొకటే ఉండిపోనాది నానా," అంది లిల్లీ.

ఎదర నీళ్లు ఒలికిన చప్పుడైంది.

వెలుగు పడ్డచోట తండ్రి కుండ బోర్లించి ఉంది. దాని కిందినుంచి పారిన నీళ్లు ఆమె పాదాలను తాకాయి.

"ఆగిపోనావేటమ్మా? ఫొటో తియ్యి," అన్నాడు అంద్రెయ వెనకనుంచి.

వెలుగు ఇప్పుడు వణకడం లేదు.