పక్క గేటు

రేపు పొద్దున ఆరింటికి జేసీబీ వస్తుందని చెప్పి, గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీసి పోయారు కార్పొరేషన్ వాళ్లు.

ఊరి వాననీళ్లు పోయే రాజకాలువ గట్టున నలభై ఇళ్లు. కాలువను మింగింది పైనున్న అపార్టుమెంట్లు. గీతలు పడింది వీళ్ల గోడల మీద. అందులో మూడో ఇల్లు కదిరప్పది. రెండు గదులు, ముందు రేకుల పంచ. భార్య మునిలక్ష్మి పదహారేళ్లు పూలు కట్టి అమ్మి లేపిన గోడలు. ఆమె పోయి మూడేళ్లయింది. గోడలు మిగిలాయి.

కదిరప్ప కాళ్లావేళ్లా పడితే ఇంజనీరు ఒకటే మాట అన్నాడు.

"మీ ఎమ్మెల్యే ఒక్క ఫోన్ చేస్తే చాలు, మళ్లీ సర్వే చేసేదాకా ఆపుతాను. లేదంటే అర్జీ మీద ఆయన సంతకమైనా తీసుకురా."

ఎమ్మెల్యే దొరికితే కదా! సర్కారు పడిపోయేలా ఉందని పార్టీ తన ఎమ్మెల్యేలందర్నీ బస్సులెక్కించి, దేవనహళ్ళి అవతల ఒక రిసార్టులో పెట్టింది. నాలుగు రోజులుగా టీవీలో అదే గోల.

పక్కింటి సొన్నమ్మ వాకిట్లో నిలబడి వీధంతా వినేలా అంది.

"నువ్వు చెప్పినావనే కదప్పా ఆ గుర్తు మీద ఒత్తినాం. జేసీబీ వస్తే నా గుండెల మీద నుంచి పోవాల అన్నాడే మహానుభావుడు! ఆ గుండెలు యాడుండాయో పోయి చూసి రాపో."

కదిరప్ప ఇంట్లోకి నడిచాడు. మాటిచ్చింది ఎమ్మెల్యే హేమంత్‌కుమారే. ఇల్లిల్లూ తిరిగి ఆ మాటను పంచిపెట్టింది మాత్రం తను. చిత్రాన్నం పొట్లం కట్టుకున్నాడు. అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎలక్ట్రానిక్ సిటీలో బస్సెక్కాడు. ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు మూడు బస్సులు మారాడు. దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నాడు.

రిసార్టు ముందు గేటు దగ్గర పోలీసులు, టీవీ వ్యాన్లు. దరిదాపులకు పోనివ్వలేదు. గోడ వెంబడి నడుచుకుంటూ పోతే పక్కన చిన్న ఇనుప గేటు కనిపించింది. దానికి అరచేయంత తాళం. లోపల స్టూలు మీద వాచ్‌మన్ ఫయాజ్. చింతామణి ఊరివాడు. తెలుగు చెవిన పడగానే మెత్తబడ్డాడు.

"కాలువగట్టు కదిరప్ప వచ్చినాడని హేమంత్‌కుమార్ సారుకు చెప్పు నాయనా. ఎలక్షన్లో ఆయన బూతు ఏజెంటును."

"చెప్పేది చెప్తా. ఆ పైన మీ అదృష్టం."

అరగంటకు హేమంత్‌కుమార్ వచ్చాడు. ఫయాజ్‌ను దూరంగా పొమ్మని చేయూపాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా నలిగి ఉంది. గేటు కడ్డీలను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆ కళ్లలో నీళ్లు చూడగానే కదిరప్ప కూర్చుకున్న తిట్లన్నీ చెదిరిపోయాయి.

"చూసినావా కదిరప్పన్నా, నా బతుకు! జైల్లో వాడికి వారానికొక ములాఖత్ అన్నా ఉంటుంది."

"రేపు పొద్దున్నే కూలగొడతారంట సారూ. ఒక్క ఫోను..."

"ఫోన్లు మొదటి రోజే గుంజుకున్నారు."

కదిరప్ప అర్జీనీ పెన్నునూ కడ్డీల మధ్య నుంచి చాచాడు.

"సంతకమన్నా చేయండి."

హేమంత్‌కుమార్ పామును చూసినట్టు చేయి వెనక్కి లాక్కున్నాడు.

"పెన్నా! లోపల పెట్టన్నా! రాజీనామా రాసేస్తామని మాకు పెన్ను కూడా ఇవ్వరు. మేడ మీద నుంచి చూస్తా ఉంటారు. నా చేతిలో అది కనబడిందంటే నా కథ ముగిసినట్టే."

"పోనీ బయటికి రండి సారూ. రేపు మీరు వచ్చి వీధిలో నిలబడితే చాలు. మిషన్లు వాటంతట అవే తిరుక్కొని పోతాయి."

"రావాలని నాకు లేదా?" గేటును గట్టిగా గుంజాడు. తాళం ఇనుము మీద కొట్టుకుంది. "ముందర పోలీసులు. ఈడ ఇది. ఎట్లా వచ్చేది చెప్పు? మీరంతా ఓట్లేసి నన్ను బోన్లో పెట్టినారన్నా."

ముప్పై వేల మెజారిటీతో గెలిచిన మనిషి. గంప కింద కోడిపుంజులా ఉన్నాడు. కదిరప్ప కడ్డీల మధ్య నుంచి చేయి పెట్టి భుజం తట్టాడు.

"తిన్నారా సారూ?"

"ముద్ద దిగడం లేదు."

చిత్రాన్నం పొట్లం తీసి అందించాడు. హేమంత్‌కుమార్ దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"నా ప్రాణమంతా ఆ గట్టు మీదనే ఉండాదని మనోళ్లకు చెప్పన్నా."

తలొంచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

కదిరప్ప గోడ నీడలో చతికిలబడి సొన్నమ్మకు ఫోన్ చేశాడు.

"సామాన్లు బయట పెట్టుకోండి. నా ఇంట్లోవి కూడా ఈడ్చి పెట్టు. మునిలక్ష్మి పటం మాత్రం కింద పెట్టొద్దు."

"అంటే? ఆ పెద్దమనిషి రాడా?"

"ఆయన్ను ఏమీ అనొద్దు సొన్నమ్మా. మనకన్నా అధ్వాన్నంగా ఉండాడు. మనల్ని రేపు బయటికి తోస్తారు. ఆయన్ను బయటికే రానీడం లేదు."

అవతల గిన్నెలు కదిలిన చప్పుడు వినిపించింది.

ఫయాజ్ తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కదిరప్ప లేచి వెళ్లి గేటు ముందు చేతులు జోడించాడు.

"ఈ తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పు నాయనా. వాళ్ల కాళ్లు పట్టుకుంటా. ఒక్క పూట ఆయన్ను వదలమంటా."

ఫయాజ్ అతన్ని వింతగా చూశాడు.

"వదిలేదేందప్పా, మీ ఏరియా జనం మొన్నట్నుంచి వస్తా ఉండారని ఈ తాళం తెప్పించి వేయించింది ఆ సారే, చెవి ఆయన జోబీలోనే ఉండాది."