నాలుగంగుళాల కత్తి

బుచ్చిరాములు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టిన దాన్ని కానిస్టేబుల్ త్రివేణి అటూ ఇటూ తిప్పి చూసింది. బటన్ నొక్కగానే టక్కున కత్తి బయటికి వచ్చింది.

ఆ రోజు ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. రింగురోడ్డు దగ్గర బస్సు దిగినవాళ్ళ జేబులన్నీ చూస్తున్నారు.

“మ్యాచ్‌కు వోతున్నవా తాతా?”

“లేదమ్మా. చెంగిచెర్ల వోవాలె. పదకొండుకు లగ్గం.”

“పెళ్ళికి కత్తెందుకయ్యా?” అన్నాడు ఎస్సై త్రిమూర్తులు. ఆయనది కాకినాడ. ఇక్కడికి వచ్చి నెల కాలేదు.

“పెండ్లికొడుకు కాడ ఇనుము ఉండాలె సారూ.”

ఆయన త్రివేణి వంక చూశాడు. “నిజమేనా?”

“నిజమే సార్. పసుపు వెట్టినంక తాళి గట్టేదాంక చేతిల కత్తన్న, అడకత్తెరన్న ఉండాలె. గాలి సోకొద్దని. మా తమ్ముడైతే బాత్రూంకు గూడ పట్టుకవోయిండు.”

ఎస్సై నవ్వి, స్కేలు తెప్పించి కొలిచాడు. నాలుగంగుళాలు.

“తొమ్మిది దాటితే లైసెన్సు కావాలి. ఇది దాటలేదు.”

“మరి ఇయ్యి సారూ.”

“పొడుగొక్కటే కాదు పెద్దాయనా. బటన్ కత్తి కనబడితే తీసుకోమని మాకు ఆర్డరు. కూరగాయల కత్తి తెచ్చుకోకపోయావా?”

“బస్సుల జనం బుగులు వడ్తరని మడత వడేది కొన్న.”

“బాగుంది. భయపెట్టకూడదని భయపెట్టేదే కొన్నావు!”

పదిన్నర అయింది. చెంగిచెర్ల బస్సు వచ్చి ఆగింది.

“కత్తి ఈడ ఉండనీ, నువ్వు వో తాతా. లగ్గం దాటిపోతది,” అంది త్రివేణి.

“అది లేంది నేను కదల.”

బస్సు వెళ్ళిపోయింది. బుచ్చిరాములు దాని వెనకభాగం కనబడినంతసేపూ చూశాడు.

“కొడుకు మీద మస్తు పాయిరం సార్,” అని గొణిగింది త్రివేణి.

ఆ ప్రేమ చూసి ఎస్సైకి జాలి వేసింది. అంతకన్నా ఎక్కువగా, ఇనుము పట్టుకు తిరిగే ఆ పెళ్ళికొడుకును చూడాలనిపించింది.

“సరే, ఇస్తాను. నీకు కాదు. పెళ్ళికొడుకును ఇక్కడికి పిలిపించు, అతని చేతికే ఇస్తాను. ఫోన్ చెయ్యి.”

బుచ్చిరాములు కండువా సర్దుకున్నాడు.

“ఫోన్ లేదా? నంబరు చెప్పు, నేనే చేస్తాను. టైం అయిపోతోందయ్యా!”

వరసలో నిలబడ్డ కుర్రాళ్ళు టికెట్లు పట్టుకుని వింటున్నారు. ముసలాయన వాళ్ళ వైపు ఒకసారి చూసి, తల వంచుకుని, రెండు చేతులూ చాచాడు.

“పెండ్లికొడుకును నేనే సారూ.”