తడవని పెట్టె

“ఏదీ, ఒక్కసారి మోగించండి,” అంది ఆమె.

ఇంజనీరింగ్ విద్యార్థి మీట నొక్కాడు. అరచేతిలో ఇమిడే పెట్టె గొంతు చించుకుని అరిచింది. మ్యాన్‌హోల్‌లో విషవాయువు ఉంటే దిగిన మనిషిని హెచ్చరించే పెట్టె అది. ఇంజనీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం చదివే ముగ్గురు ఒక సంఘంగా ఏర్పడి, మురుగు పనివాడైన ఆమె భర్తను అడిగి తెలుసుకుంటూ దాన్ని తయారుచేశారు. ఆ విషవాయువుకే అతను చనిపోయి పదకొండు రోజులైంది.

“చప్పుడు గట్టిగా ఉండాలన్నది అన్నే, వదినా,” అంది మెడిసిన్ అమ్మాయి. “మొన్న శనివారం పోటీలో మొదటి బహుమతి వచ్చింది. అన్నకే అంకితమిచ్చాం.”

“ఇది ఎప్పుడు తయారైంది?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“రెండు నెలలైంది,” అన్నాడు లా విద్యార్థి. “ఉన్నది ఒక్కటే. తడిస్తే పాడవుతుందని, పోటీ అయ్యేదాకా కాలేజీలోనే ఉంచాం.”

“ఆయన అడగలేదా?”

“రెండుసార్లు అడిగాడు. ఇంకా పూర్తి కాలేదని చెప్పాం.”



“పోయిన ఆ పొద్దున కూడా పెట్టె అడిగి తెచ్చుకోమని నేను పోరుపెట్టాను. ‘పాపం, పిల్లలు నా కోసమే నిద్ర మానుకుని తంటాలు పడుతున్నారే, తొందరపెట్టకూడదు’ అని నన్నే కోప్పడి వెళ్ళాడు.”

మెడిసిన్ అమ్మాయి తల దించుకుంది.

“మిగిలిన పనికి రేపు మా మరిది దిగుతున్నాడు. దాన్ని ఇటివ్వండి,” అని ఆమె చెయ్యి చాపింది.

“వచ్చే వారం ఇంకో పోటీ...” ఇంజనీరింగ్ విద్యార్థి నోట మాట సగంలో ఆగిపోయింది.

చాపిన చేతిని ఆమె వెనక్కి తీసుకోలేదు.