నోను ఆకుల కట్టు

"బోర్లా పడుకో," అంది మోయెలాంగి, నిప్పుల మీద నోను ఆకుల్ని అటూ ఇటూ తిప్పుతూ.

"ఇవాళ వద్దత్తయ్యా! చర్చిలో అందరూ వచ్చేసుంటారు," అంది సినలెయ్, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని చెప్పులు వెతుక్కుంటూ.

"నడుం నొప్పితో ఏం పాడతావ్? పడుకో."

"నొప్పి లేదని వారం నుంచీ మొత్తుకుంటున్నా. మీరు వింటేగా!"

మోయెలాంగి చెయ్యి పడితే నొప్పి పారిపోతుందని సవాయీ దీవంతా పేరు. నొప్పి మాత్రలు మింగీ మింగీ కడుపులో పుండై సినలెయ్ రక్తం కక్కుకుంటే, డాక్టరు వాటిని మాన్పించాడు. ఆ తర్వాత నడుం పట్టేసి మంచం దిగలేని కోడల్ని లేపి నడిపించింది ఈ ఆకులే. ఆ సంగతి సినలెయ్ మరిచిపోలేదు. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకుని పడుకుంది. కానీ ఒళ్లంతా ఆకు కంపు. నిన్న చర్చిలో పక్కనున్నావిడ ముక్కు మూసుకునే పాడింది. ఇవాళ కూడా ఆలస్యమైతే నీ పాట ఇంకొకరికి ఇచ్చేస్తానని పాస్టరమ్మ అందరి ముందూ అనేసింది.

"ఇదిగో, చూడండి!" సినలెయ్ నిండు బకెట్ ఎత్తి దించింది. "నొప్పుంటే ఎత్తగలనా?"

"లోపల దాక్కుని ఉంటుంది. నీకు తెలీదు."

"నా నడుం సంగతి నాకు తెలీదా?"

"ఒక్కసారేనమ్మా. ఆకులు చల్లారిపోతున్నాయి."

"ఇది వైద్యమా, నా మీద పగ తీర్చుకోవడమా?"

అనేశాక సినలెయ్ నాలుక కరుచుకుంది. అత్త వేడి ఆకుల్ని రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

అంతలో చర్చి వైపు నుంచి పాట వినిపించింది. తన పాటే. గొంతు మాత్రం ఇంకెవరిదో.

సినలెయ్ పుస్తకం విసిరికొట్టింది. "అయిపోయింది! ఇప్పుడు మీ కడుపు చల్లబడిందా? రండి, రుద్దండి! తెల్లారేదాకా రుద్దండి!"

చాప మీద బోర్లా పడి ఏడుస్తూంటే, నడుం మీద వెచ్చటి ఆకులు పరుచుకున్నాయి. వాటి మీద ముసలి చేతులు మెల్లగా కదిలాయి. అత్త గొంతు తగ్గించి అంది.

"నీ నడుం నొప్పి పోయిందని నాకు తెలుసే పిల్లా. నా వేళ్ల నొప్పే ఇంకా పోలేదు, ఈ ఆకుల వేడికే కాస్త సర్దుకుంటోంది. ఊళ్లో ఎవరికీ చెప్పకేం!"