అన్నిటికీ అయిదే

"అన్నిటికీ అయిదు వేసెయ్, మనీషా. దానికింత ఆలోచనేంటి?" అన్నాడు మేనేజర్ శశికాంత్, కారు తాళాలు వేలికి తిప్పుతూ.

మనీషా స్క్రీన్ మీంచి తల ఎత్తలేదు. కాలేజీ పంపిన ఇంటర్న్‌షిప్ ఫారం అది. పన్నెండు వారాల్లో విద్యార్థి ఏం నేర్చుకుందో చూసి, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యాలి. పైన పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"టెక్నికల్ స్కిల్స్ అని అడిగారండీ. ఒక్క లైన్ కోడైనా రాసిందా ఈ ఇంటర్న్?"

"టెస్టింగ్ చేసిందిగా!"

చేసింది. ఒకే పేజీని రోజుకి రెండొందల సార్లు నొక్కి, స్క్రీన్‌షాట్లు తీసి ఎక్సెల్‌లో అతికించింది. శుక్రవారాలు టెక్సస్‌లోని ఈ ఇర్వింగ్ ఊరంతా డ్రైవ్ చేసి టీము మొత్తానికీ బిర్యానీలు మోసుకొచ్చింది. శశికాంత్ గారికి రైతాలో ఉల్లిపాయ పడదన్న సంగతి తప్ప ఇంకో ముక్క నేర్చుకున్న పాపాన పోలేదు. టెక్నికల్ స్కిల్స్ గడిలో మనీషా రెండు వేసింది.

"రెండా! మూడు రాకపోతే కాలేజీ క్రెడిట్ ఇవ్వదు. క్రెడిట్ లేకపోతే ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా స్టేటస్ పోతుంది. ఇక ఇండియా ఫ్లైట్ ఎక్కడమే. అంత అవసరమా?"

"అబద్ధం రాయమంటారా?"

"అందరూ రాసేదే. నేనూ అలా వచ్చినవాణ్ణే."

మనీషా రెండు చెరిపేసి అయిదు కొట్టింది. చొరవకి అయిదు. కొత్త విషయాలు నేర్చుకోవడానికి అయిదు. ఒక్కో అయిదు వేస్తున్నకొద్దీ తన మీద తనకే అసహ్యం పెరిగిపోయింది. ఆఖరి ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది.

"ఈ విద్యార్థికి మీ కంపెనీలో ఉద్యోగం ఇస్తారా అని అడిగారు."

"తప్పకుండా అని పెట్టు."

"నిజంగా ఇస్తారా?"

శశికాంత్ పెద్దగా నవ్వాడు. "ఫారంలో పెట్టమన్నాను, ఆఫర్ లెటర్‌లో కాదు. త్వరగా కానియ్, లంచ్‌కి వెళ్ళాలి. సంతకం పెట్టేస్తాను."

"ఒక్కసారి చదవండి."

"చదివేదేముంది? నీ మీద నమ్మకం ఉందిలే."

తప్పకుండా అని పెట్టి, మనీషా మళ్ళీ ఫారం పైకి వెళ్ళింది.

విద్యార్థి పేరు దగ్గర తన పేరే రాసుకుంది.