ఆచూకీ తెలిపినవారికి

ప్రింటర్‌లోంచి రిత్విక్ ముఖం నుదుటితో మొదలై మెల్లగా బయటికొచ్చింది. మాసినట్టున్న గోధుమరంగు కాగితం, బుడ్డోడి నెత్తిన పెద్ద టోపీ, పైన లావుపాటి అక్షరాల్లో 'వాంటెడ్'.

సింధూజ టీచర్ తను తయారుచేసిన ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి మురిసిపోయింది. కాకిపిల్ల కాకికి ముద్దే కదా.

రేపు ఒకటో తరగతి పిల్లలకు కౌబాయ్ పార్టీ. అట్టలతో టోపీలు చేయడం అయింది, చీపురుకట్టలతో గుర్రాలు చేయడం అయింది. వరండా గోడకు పిల్లల పోస్టర్లు వరుసగా అంటిస్తే ఇక పని లేనట్టే. భూపాలపల్లిలో ఇంకే బడికీ రాని ఆలోచన అని ప్రిన్సిపల్ సారు కూడా మెచ్చుకున్నారు.

పోస్టర్ నమూనా ఇంటర్నెట్‌లో దొరికింది. అంతా ఇంగ్లీషే. తల్లిదండ్రులకు అర్థం కావాలని కింద తెలుగులో తనే రాసింది.

'నేరం: క్లాసులో గుసగుసలు. ఆచూకీ తెలిపినవారికి చాక్లెట్ల డబ్బా బహుమతి.'

మాటలు వెతుక్కోకుండానే తట్టాయి. తనలో ఇంత రచయిత్రి ఉందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆ నమూనా పెట్టి పిల్లల ఫొటోలు అడిగితే అందరూ పంపారు, రిషిత తండ్రి నగేశ్ తప్ప. చెల్పూరు కరెంటు ప్లాంటులో పని చేస్తాడు. చూశాడని ఫోనే చెబుతోంది, జవాబు మాత్రం లేదు. కొంతమందికి పిల్లల మీద శ్రద్ధే ఉండదని, అతని పేరు పెట్టి మరీ గ్రూపులో రాసింది. ఇద్దరు ముగ్గురు తల్లులు దానికి బొటనవేలి బొమ్మలు కూడా పెట్టారు.

సాయంత్రానికి గోడ నిండింది. రిషిత చోటు ఒక్కటే ఖాళీ.

బడి వదిలాక ఒక ముసలామె వచ్చి తలుపు దగ్గర నిలబడింది. రిషిత నాయనమ్మ, పెంటమ్మ. కొంగుముడి విప్పి ఫొటో తీసింది.

పిల్ల అన్నం ముట్టకుండా ఏడుస్తోందట. కొడుకును అడిగితే మాట్లాడకుండా బయటికి పోతున్నాడట. అందుకని తనే పిల్లను స్టూడియోకు తీసుకెళ్లి ఫొటో తీయించింది. అంతా మేనత్త పోలిక అని కూడా చెప్పింది. రిషిత బయట జారుడుబల్ల దగ్గర ఆడుకుంటోంది.

ఆ కొడుకు కంటే ఈ ముసలమ్మే నయం అనుకుంది సింధూజ. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె కళ్లముందే పోస్టర్ చేసి, ప్రింటు తీసి చేతిలో పెట్టింది.

పెంటమ్మకు చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. పైన పెద్ద అక్షరాలు, నడుమ ఫొటో, కింద చిన్న అక్షరాలు.

ఆమె ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"పిల్ల ఏం జేసింది బిడ్డా?"

ఏమీ చేయలేదని, ఇది ఉత్త ఆటేనని సింధూజ నవ్వుతూ చెప్పింది. అమెరికాలో ఒకప్పుడు గుర్రాల మీద తిరిగే పశులకాపరులు ఉండేవాళ్లని, దొంగలను పట్టుకోవడానికి అక్కడ ఇలాంటివి గోడలకు అంటించేవాళ్లని చెప్పుకుపోయింది.

పెంటమ్మ నవ్వలేదు.

"మా పెద్దబిడ్డ విజయది గిట్లనే అంటిచ్చిన్రు. బస్టాండ్ల. అది అడవిలకు పోయినంక."

పెంటమ్మ మెల్లగా చెప్పింది. బిడ్డ ఫొటో ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు, ఉన్నవన్నీ పోలీసులు పట్టుకుపోయారు. అంగడికని చెప్పి బస్టాండుకు వెళ్లి, బస్సు కోసం నిలబడినట్టు నిలబడి ఆ కాగితాన్ని చూసి వచ్చేది. కాగితం ఉందంటే బిడ్డ ఉన్నట్టే. నగేశ్ అప్పుడు బడికి పోయే పిల్లవాడు. వాళ్లక్కను పట్టిస్తే ఎంత ఇస్తారో తోటిపిల్లలు వాడికి చదివి వినిపించేవాళ్లు.

"ఒకనాడు పోయేసరికి కాగితం లేదు," అంది పెంటమ్మ.

సింధూజకు జనగామ బస్టాండు గుర్తొచ్చింది. తన చిన్నప్పుడు అక్కడి గోడ మీద వరుసగా ముఖాలుండేవి. కింద ఇవే మాటలు. బస్సు వచ్చేదాకా వాటిని పైకి చదువుకోవడం తనకూ, స్నేహితురాళ్లకూ కాలక్షేపం.

తనకు తట్టిన మాటలు కావు అవి. సిగ్గుతో చితికిపోయింది. గ్రూపులో నగేశ్ గురించి రాసింది గుర్తొచ్చి, బల్ల మీది ఫోనును బోర్లా తిప్పి పెట్టింది.

తప్పయిపోయిందని, పోస్టర్లన్నీ ఇప్పుడే తీసేస్తానని అంది.

పెంటమ్మ ఒప్పుకోలేదు. పిల్ల వాడకట్టంతా చెప్పుకుని వచ్చింది, పొద్దున వచ్చి చూస్తే తన ఫొటో ఉండాలి కదా అంది.

"పిల్లలకేం ఎరుక బిడ్డా. అంటియ్యి."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. సింధూజ కాగితం పైనున్న అక్షరాలను వెనక్కి మడిచింది. కిందివి కూడా మడిచింది. టోపీ, దాని కింద రిషిత ముఖం మాత్రమే మిగిలాయి. గోడ మీదివన్నీ ఊడదీసి ఇలాగే మడవాలి, ఇంటికి వెళ్లేలోపే.

ముందు దీన్ని అంటిద్దామని, ఖాళీగా ఉన్న చోటికి చెయ్యి ఎత్తింది.

పెంటమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"జర కిందికి అంటియ్యి బిడ్డా. విజయది మస్తు మీదికుండె. నాకు చెయ్యి అందకపోతుండె."