ముప్పై ఎనిమిది, ఎడమవైపు

"మూడంగుళాల బెల్టే," అన్నాడు గోపాలరావు. ఆ మాట అనడం అది నాలుగోసారి.

"రెండంగుళాలది చాలు. బరువుండదు," అంది చాముండేశ్వరి, బీన్స్ ఈనెలు తీస్తూ.

ఐర్లండులోని బాలింకాలిగ్‌లో, కూతురింటి హాల్లో పొద్దుటి నుంచీ ఇదే గొడవ. లాప్‌టాప్ నిండా తోలు బెల్టులు, వాటికి వేలాడే తుపాకీ ఒరలు. కౌబాయ్‌లు కట్టుకునే రకం. నల్లవి, గోధుమరంగువి, పూలు చెక్కినవి, చుట్టూ తూటాలు గుచ్చుకునేవి.

వచ్చే శనివారం కమ్యూనిటీ హాల్లో కౌబాయ్ వేషాల వెస్టర్న్ నైట్. చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే హాస్పిస్‌కి విరాళాల కోసం పక్కింటి హెలెన్ ఏటా పెడుతుంది. అందరూ ఎదురుచూసేది పోటీ కోసమే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. గంట కొట్టగానే ఒరలోంచి రివాల్వర్ లాగి పేల్చాలి. ఎవరిది ముందు మోగితే వాళ్ళదే గెలుపు. కాగితపు బిళ్ళలు పేల్చే రివాల్వర్లు హాలువాళ్ళే ఇస్తారు. బెల్టు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి.

రిటైర్డ్ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోపాలరావు పోస్టరు చూసిన రోజే పేరిచ్చాడు. తన మీద ఎవరని అడిగితే, "మీతోనే తలపడతానని ఒకరు ముందే అడిగారు" అని హెలెన్ నవ్విందట. ఆవిడ మొగుడే అయ్యుంటాడని ఈయన నమ్మకం. ఆ బస్సు డ్రైవరుకి డిపార్ట్‌మెంటు చెయ్యంటే ఏంటో చూపిస్తానని కాలనీ అంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

"ఒర ఎడమవైపు ఉండాలి," అంది చాముండేశ్వరి.

లాప్‌టాప్ ముందున్న అల్లుడు నిఖిల్ తల తిప్పాడు. "అది క్రాస్ డ్రా అత్తయ్యా. మావయ్యగారు కుడిచెయ్యి పొట్ట మీదుగా తిప్పి లాగాలి. అర సెకను దండగ."

"పోనీ."

"పోనీ ఏంటే?" అన్నాడు గోపాలరావు. "ఆ పొట్ట దాటేసరికి అవతలివాడు పేల్చేసి, టీ తాగి ఇంటికెళ్ళిపోతాడు. నన్ను ఓడించాలనా?"

చాముండేశ్వరి ఇంకో బీన్స్ ఈనె లాగింది. ఆమెకు కావలసింది అదే.

పెళ్ళైన రెండో నెల. ఎస్పీగారు భార్యతో భోజనానికొచ్చారు. వడ్డిస్తున్న చాముండేశ్వరి వేళ్ళ మీద గోపాలరావు రూళ్ళకర్రతో కొట్టాడు. గరిటె జారి పప్పు బల్లంతా పడింది. "వడ్డించడం కూడా నేర్పి పంపలేదు మీవాళ్ళు" అన్నాడు. ఎస్పీ నవ్వాడు. ఆయన భార్య కూడా నవ్వింది.

ఏడాదిపాటు ఆ రూళ్ళకర్ర భోజనాల బల్ల మీదే ఉంది. చాముండేశ్వరి ఆయన పద్ధతి నేర్చుకుంది. రూళ్ళకర్ర స్టేషనుకి వెళ్ళిపోయింది. వాచిన వేలి కణుపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక్కడి చెమ్మకి తెల్లారేసరికి సలుపుతుంది.

ముప్పై ఆరేళ్ళయింది. ఆయన నలుగురి ముందు ఓడిపోవాలి. ఆ నలుగురూ నవ్వాలి. ఆమె కోరిక అంతే.

"సైజెంత?" అడిగాడు నిఖిల్. "నడుము కాదట, తుంటి మీద కొలవాలట."

"ముప్పై ఎనిమిది," అంది చాముండేశ్వరి.

కూతురు నీలిమ ఫక్కున నవ్వింది. "అమ్మా, నాన్న నలభై నాలుగు. ట్రైనింగులో కూడా ముప్పై ఎనిమిది ఉండి ఉండరు."

"నిన్న టేపు పెట్టి కొలిచాను."

"ఎప్పుడు కొలిచావే? నిద్రలోనా?" అన్నాడు గోపాలరావు. "నిఖిల్, దాని మాటలకేం గానీ, నలభై నాలుగు పెట్టు. మూడంగుళాలు, కుడివైపు, తూటాలున్నది."

నిఖిల్ ఆర్డరు పెట్టేశాడు.

"చూశావా ఎవరి మాట నెగ్గిందో?"

"చూశాను," అని చాముండేశ్వరి బీన్స్ గిన్నె తీసుకుని వంటింట్లోకి నడిచింది. పద్నాలుగేళ్ళ మనవరాలు చరిత ఫోను చూసుకుంటూ వెనకే వెళ్ళింది.

పెరటి కంచె మీదికి హెలెన్ వాళ్ళ పిల్లి ఎక్కింది. చాముండేశ్వరి ఏప్రాన్ జేబులోంచి మొక్కలకు నీళ్ళు కొట్టే స్ప్రే సీసా లాగి, కిటికీలోంచి ఒక్కటి కొట్టింది. పిల్లి అటే దూకేసింది. రెండు వారాలుగా దానికి ఈ ఇల్లంటే హడలు.

"గ్రాండ్, అమ్మమ్మా," అంది చరిత.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. గోపాలరావు ఇంకా శనివారంలోనే ఉన్నాడు.

"నీలిమా, వీడియో మొదటినుంచీ తియ్యాలి. మా బ్యాచ్ గ్రూపులో పెడతాను."

"తీస్తాలే నాన్నా."

"చరితా, నువ్వు ఈల వెయ్యాలి."

"షూర్, తాతయ్యా," అంది చరిత కంచంలోంచి తలెత్తకుండా.

"ఇక నువ్వు," అన్నాడు భార్య వైపు తిరిగి, "ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టు. అదైనా సరిగ్గా కొట్టు. ముందు ఇటు పప్పు వెయ్యి."

చాముండేశ్వరి గరిటెను పుట్టుకతో వాటమైన ఎడమ చేతిలోకి మార్చుకుని, ఆయన కంచంలో పప్పు వడ్డించి, బల్ల చుట్టూ ఉన్న అందరికీ వినపడేలా నెమ్మదిగా చెప్పింది: "ఆ ముప్పై ఎనిమిది, ఎడమవైపు బెల్టు నాకండీ, చరిత చేత ఆర్డరు పెట్టించాను, శనివారం మీతో తలపడతానని హెలెన్‌ని అడిగింది నేనే."